యోస్ట్ ఐస్ అరీనా: ఐస్ హాకీ ఆడేచోట ఫుట్‌బాల్ కోచ్ పేరేంటి?

నోవై_నరసింహం
ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు ఐస్ హాకీ ఆడే బిల్డింగ్ పేరు యోస్ట్ ఐస్ అరీనా. ఎవరీ యోస్ట్ అని చూస్తే ఒకచోట ఫుట్‌బాల్ కోచ్ అని ఉంది, ఇంకోచోట అథ్లెటిక్ డైరెక్టర్ అని ఉంది. 1901లో వచ్చి 1940 దాకా ఉన్నాడట. అన్నేళ్ళు ఏం చేశాడు? కోచ్ అయితే హాకీకి ఆయన పేరెందుకు? డైరెక్టర్ అంటే మన కాలేజీ పీడీ సారు లాంటి పోస్టేనా? లింకులు పడేసి పోకండి, విషయం చెప్పండి.

నాలుగో_డౌన్
అది హాకీ కోసం కట్టింది కాదండీ. 1923లో కట్టినప్పుడు యోస్ట్ ఫీల్డ్ హౌస్. మంచు పడే నెలల్లో ఫుట్‌బాల్ ప్రాక్టీసు, పరుగు పందాలు, బాస్కెట్‌బాల్ అన్నీ ఒకే కప్పు కింద. బాస్కెట్‌బాల్ 1967లో కొత్త బిల్డింగ్‌కి వెళ్ళిపోయింది. ఐసు పరిచింది 1973లో. పేరు మాత్రం అదే ఉండిపోయింది. మనిషి బతికుండగానే పెట్టిన పేరు అది.

మాచర్ల_మామ
ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదుగా?

నాలుగో_డౌన్
కాదు మామా. చేత్తో పట్టుకుని పరిగెత్తేది. ఇక్కడ అందరం దాని గురించే మాట్లాడుతున్నాం.

పీడీ_గారి_విజిల్
పీడీతో పోలిక సగమే కుదురుతుంది. మన పీడీ నెట్లు కట్టించి, బంతులు లెక్కపెట్టుకుని, ఇంటర్ కాలేజియేట్‌కి పిల్లల్ని బస్సెక్కిస్తాడు. డబ్బు మాత్రం ప్రిన్సిపాల్ గదిలోంచి రావాలి. అమెరికా అథ్లెటిక్ డైరెక్టర్ దగ్గర గల్లాపెట్టె కూడా ఉంటుంది. ఎవరితో ఎన్ని ఆటలు, టికెట్ ఎంత, ఏ ఆటకి ఎవరు కోచ్, ఏ పొలం కొనాలి, అప్పు ఎలా తేవాలి, ఇవన్నీ ఆయన నెత్తినే. పైన బోర్డు ఉంటుంది. మిషిగన్‌లో దాన్ని బోర్డ్ ఇన్ కంట్రోల్ ఆఫ్ అథ్లెటిక్స్ అనేవాళ్ళు. బోర్డు ముందుకి ఏ కాగితం రావాలో చూసేది మళ్ళీ ఈయనే.

పాత_పేపర్ల_కట్ట
నరసింహం గారూ, వరసగా అన్నారు కాబట్టి వరసగానే.

ఫీల్డింగ్ యోస్ట్ పుట్టింది 1871లో, వెస్ట్ వర్జీనియాలోని ఫెయిర్‌వ్యూలో. చదివింది లా. కోచ్‌గా మొదట్లో ఏడాదికో ఊరు: 1897 ఒహాయో వెస్లియన్, 1898 నెబ్రాస్కా, 1899 కాన్సస్ (10 ఆడి 10 గెలిచారు), 1900 స్టాన్‌ఫర్డ్. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు తమ దగ్గర చదువుకున్నవాళ్ళే కోచ్‌గా ఉండాలని రూల్ పెట్టుకోవడంతో అక్కడ చోటు పోయింది. ఇలినాయ్‌కి ఉత్తరం రాస్తే వాళ్ళకి ఖాళీ లేదు. ఆ ఉత్తరం చేతులు మారి మిషిగన్ డైరెక్టర్ చార్లెస్ బెయిర్డ్ దగ్గరికి చేరింది. అలా 1901లో ఆన్ ఆర్బర్.

మొదటి ఏడే 11 ఆటల్లో 550 పాయింట్లు, అవతలివాళ్ళకి సున్నా. బఫలో మీద 128-0. టచ్‌డౌన్‌కి, అంటే బంతితో అవతలి గోల్ గీత దాటితే, అప్పట్లో 6 కాదు, 5 పాయింట్లే అన్నది మరిచిపోవద్దు. 1902 జనవరి 1న పాసడీనాలో, తర్వాత రోజ్ బౌల్ అని పేరుపడ్డ ఆటలకి మొదటిదానిలో, స్టాన్‌ఫర్డ్ మీద 49-0. అంటే ఏడాది క్రితం తను కోచింగ్ ఇచ్చిన జట్టు మీదే. మిషిగన్ తరఫున 11 మందే మొదటినుంచీ చివరిదాకా ఆడారు. నీల్ స్నో ఒక్కడే 5 టచ్‌డౌన్లు. ఇంకా 8 నిమిషాలుండగానే స్టాన్‌ఫర్డ్ ఇక చాలంది. పాసడీనాలో కొత్త సంవత్సరం గులాబీల పండగలో భాగంగా ఈ ఆట పెట్టినవాళ్ళు మళ్ళీ 1916 దాకా ఫుట్‌బాల్ జోలికి పోలేదు.

1901 నుంచి 1905 దాకా కలిపి 2,821 పాయింట్లు చేసి 42 ఇచ్చారు. నిమిషానికో పాయింటు జట్లు అని పేరొచ్చింది అందుకే.

బెజవాడ_బెంచీ
వరసగా 56 ఆటలు గెలిచాడు. ఈ రోజుల్లో ఎవడి వల్లా కాదు.

పాత_పేపర్ల_కట్ట
గెలవలేదు, ఓడలేదు. రెండూ ఒకటి కాదు. 55 గెలుపులు, ఒక సమానం. ఆ సమానం 1903 అక్టోబర్ 31న మినెసోటాతో 6-6. ఆ వరస తెగింది 1905లో, థాంక్స్‌గివింగ్ రోజు చికాగోతో 0-2.

బెజవాడ_బెంచీ
0-2 ఏం స్కోరండీ, కబడ్డీలా ఉంది.

నాలుగో_డౌన్
సేఫ్టీ. బంతి పట్టుకున్నవాణ్ణి వాడి సొంత గోల్ గీత వెనకాలే పడేస్తే అవతలి జట్టుకి 2 పాయింట్లు. చికాగో ఎకర్సాల్ ఎత్తుగా తన్నిన బంతి గోల్ గీత వెనకాల పడింది. మిషిగన్ కుర్రాడు అక్కడే ఆపేయకుండా ముందుకు తీసుకొద్దామని పరిగెత్తాడు. గీత దాటి వచ్చాడు కూడా. ఇద్దరు పట్టి వెనక్కి తోసేశారు. ఎంతవరకు వచ్చాడో అక్కడే బంతి అనే రూల్ అప్పటికి లేదు. ఇప్పటి రూల్ ఉంటే ఆ రెండు పాయింట్లు లేవు.

కాకినాడ_కాజా
ఆ మినెసోటా ఆటే కదా కూజా కథ?

పాత_పేపర్ల_కట్ట
అదే. అక్కడి నీళ్ళ మీద యోస్ట్‌కి నమ్మకం లేక, సామాన్లు చూసే టామీ రాబర్ట్స్ చేత ఊళ్ళో 5 గ్యాలన్ల కూజా కొనిపించాడు. ఖరీదు 30 సెంట్లు. ఆట అయ్యాక జనం మైదానం మీద పడడంతో కూజా అక్కడే వదిలేసి రైలెక్కారు. మినెసోటా వాళ్ళ సామాన్ల మనిషి ఆస్కార్ మన్సన్‌కి దొరికింది. కావాలంటే గెలుచుకుని పొండి అన్నారని చెప్తారు. మళ్ళీ ఆడింది 1909లో. 15-6తో గెలిచి తెచ్చుకున్నారు. ఇప్పటికీ ఆ రెండు జట్ల ఆటకి బహుమతి ఆ కూజాయే.

మాచర్ల_మామ
మన పెళ్ళిళ్ళలో వదిలేసిన స్టీలు బిందెలకి కూడా ఇలా ఏదన్నా చెయ్యాలి.

నాలుగో_డౌన్
అన్ని పాయింట్లు ఎలా వచ్చాయన్నది ఎవరూ చెప్పలేదు. ఆయన మారుపేరు హర్రీ అప్. అప్పట్లో ఒక ప్రయత్నం అయ్యాక లేచి, దులుపుకుని, సైగ విని వరసకట్టేవాళ్ళు. యోస్ట్ జట్టులో కింద పడ్డవాడు లేస్తుండగానే తర్వాతి సైగ అరిచేసేవాళ్ళు. అవతలివాళ్ళు వరసకట్టే లోపే బంతి కదిలిపోయేది. ముందుకి పాస్ విసరడం 1906 దాకా లేదు కాబట్టి అంతా పరుగే. 3 ప్రయత్నాల్లో 5 గజాలు వస్తే చాలు, బంతి మన దగ్గరే. తోసుకుపోయే జట్టుకి అది చాలా సులువు. పైగా ఆటగాళ్ళని మార్చడం అరుదైన కాలం. రెండో సగానికి అవతలివాళ్ళ కాళ్ళు పడిపోయేవి.

రెండోది విల్లీ హెస్టన్. స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న ఏడే యోస్ట్ శాన్ హోజె నార్మల్ స్కూలు జట్టుకి కూడా కోచింగ్ ఇచ్చాడు. ఈ కుర్రాణ్ణి అక్కడ చూసుకున్నాడు. 1901లో ఇద్దరూ మిషిగన్‌లో తేలారు.

తూనికరాయి
ఇదిగో, దీని గురించే ఎవరైనా మాట్లాడతారేమో అని చూస్తున్నా. ఆటగాణ్ణి ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి లాక్కురావడం ఆయనకి కొత్త కాదు. 1896లో తను వెస్ట్ వర్జీనియాలో లా చదువుతూ, సీజన్ మధ్యలో లఫయెట్ కాలేజీకి మారిపోయి, పెన్సిల్వేనియా మీద ఒక ఆట ఆడి, తిరిగి వెస్ట్ వర్జీనియా వచ్చేశాడు. ఆ ఆటలో లఫయెట్ 6-4తో గెలిచింది. పెన్ వాళ్ళ 36 గెలుపుల వరస తెగింది. కిరాయికి ఆడినట్టే. ఇలాంటాయన తర్వాత డైరెక్టర్ కుర్చీలో కూర్చుని అర్హతల గురించి పాఠాలు చెప్పాడు.

బెజవాడ_బెంచీ
అప్పట్లో అందరూ అదే చేశారు. రూల్ లేనప్పుడు తప్పెలా అవుతుంది?

తూనికరాయి
రూల్స్ వచ్చింది ఇలాంటివాళ్ళ వల్లే. 1906లో మిషిగన్ ప్రెసిడెంట్ ఏంజెల్ పిలిచిన సమావేశంలో కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి) కాలేజీలన్నీ కూర్చుని తేల్చినవి ఇవి: సీజన్‌కి 5 ఆటలే. ఒక విద్యార్థి 3 ఏళ్ళే ఆడాలి. డిగ్రీ అయిపోయినవాళ్ళు ఆడకూడదు. ఆటగాళ్ళకి ప్రత్యేక భోజనాల బల్ల ఉండకూడదు. విద్యార్థులకి టికెట్ 50 సెంట్లు దాటకూడదు. కోచ్ అనేవాడు సీజన్‌కి వచ్చి పోయేవాడు కాకుండా కాలేజీలో పూర్తికాలం ఉద్యోగి అయ్యుండాలి. ఆ చివరి షరతు ఎవరికి గుచ్చుకుందో చెప్పనక్కర్లేదు. యోస్ట్ ఆన్ ఆర్బర్‌లో ఉండేది సీజన్ నెలలే. మిగతా ఏడంతా టెన్నెసీలో వ్యాపారం, లాయరు పని.

పాత_పేపర్ల_కట్ట
అది నిజం. ఆ 3 ఏళ్ళ లెక్క అప్పటికే ఆడుతున్నవాళ్ళకి కూడా వర్తిస్తుందనడంతో మిషిగన్ కాన్ఫరెన్స్ నుంచి బయటికొచ్చేసింది, తిరిగి చేరింది 1917లో. మధ్యలో పక్కూరి కాన్ఫరెన్స్ జట్లతో ఆటలు దాదాపు లేవు. పెన్, కార్నెల్, సిరక్యూజ్ లాంటి తూర్పు జట్ల వెంట పడాల్సొచ్చింది. కోచ్ పట్టుదలకి ఆటల పట్టిక ఎలా బలవుతుందో చూడాలంటే ఆ పదేళ్ళే. కానీ మనిషి నేర్చుకున్నాడు. 1921లో డైరెక్టర్ అయ్యాక పూర్తికాలం ఇక్కడే.

మొత్తం లెక్క: మిషిగన్‌లో కోచ్‌గా 25 సీజన్లు, 165 గెలుపులు, 29 ఓటములు, 10 సమానాలు. 1924 ఒక్క ఏడు జార్జ్ లిటిల్‌కి అప్పగించి, 1925, 26 మళ్ళీ తనే. 1925 జట్టు ఏడాది మొత్తంలో ఇచ్చింది 3 పాయింట్లే. ఆ 3తోనే ఓడింది. చికాగోలో బురదలో నార్త్‌వెస్టర్న్ 3-2. అక్కడ కూడా సేఫ్టీయే. సొంత గోల్ దగ్గర బురద బంతిని తన్నలేక నార్త్‌వెస్టర్న్ వాళ్ళే కావాలని 2 ఇచ్చేశారు. ఒక పాయింటు మిగిలింది, గెలిచారు.

సిమెంటు_శీను
కోచింగ్ సంగతి నాకు పట్టదు. నా దృష్టిలో ఆయన అసలు పని 1927 స్టేడియం.

పాత మైదానం ఫెర్రీ ఫీల్డ్. విత్తనాల వ్యాపారి డెక్స్టర్ ఫెర్రీ ఇచ్చిన భూమి. బల్లలు ఎంత పెంచినా 45 వేల చిల్లర దగ్గర ఆగిపోయింది. కొత్తది కావాలని యోస్ట్ అడిగితే, చదువు చెప్పే యూనివర్సిటీకి ఇంత పెద్దదెందుకని ప్రొఫెసర్లు అడ్డం తిరిగారు. ఎడ్మండ్ డే అధ్యక్షతన కమిటీ వేశారు. 1926లో కట్టొచ్చంది. పన్నుల డబ్బు మాత్రం పైసా రాదు.

అందుకని బాండ్లు. ఒక్కోటి 500 డాలర్లు, 3 శాతం వడ్డీ, 3,000 బాండ్లు. అంటే బాండుకి ఏడాదికి 15 డాలర్లు. 15 డాలర్ల కోసం ఎవరు కొంటారు? అసలు ఎర ఏంటంటే, బాండు ఉన్నవాళ్ళకి మంచి చోట సీటు టికెట్లు కొనుక్కునే హక్కు. వడ్డీ చూసి కాదు, సీటు చూసి కొన్నారు.

కట్టడం సంగతి. నమూనా యేల్ యూనివర్సిటీ స్టేడియం, యేల్ బౌల్. నేల మీద లేపడం కాదు, గిన్నెలా తవ్వడం. నాలుగింట మూడొంతులు నేలమట్టానికి కిందే. స్థలం చూస్తే కింద ఊట. బావి తవ్వినట్టే, ఎంత లోతుకి పోతే అంత నీళ్ళు. ఒక క్రేన్ దిగబడిపోయి ఇప్పటికీ కిందే ఉందని కథ చెప్తారు. కథని పక్కన పెట్టినా, తడి నేల మీద కాంక్రీటు మెట్లు పోస్తే కుంగి పగుళ్ళిస్తుంది. అందుకే 440 టన్నుల కడ్డీ, 31,000 చదరపు అడుగుల ఇనప జాలీ. 44 సెక్షన్లు, 72 వరసలు, 72,000 సీట్లు. ఖర్చు సుమారు 9.5 లక్షల డాలర్లు.

ఇప్పుడు అసలు తెలివి. ఆయనకి కావాల్సింది లక్ష దాటే స్టేడియం. ఒప్పుకున్నది 72 వేలకి. అందుకని పైన ఇంకా సీట్లు వస్తే ఆ బరువు మోసేలా ఫుటింగులు ముందే వేయించాడు. ఒక అంతస్తు ఇల్లు కడుతూ మూడంతస్తుల పునాది పోసినట్టు. పైగా తెరిచే లోపే అంచు చుట్టూ చెక్క బల్లలు వేయించి 84 వేలు చేశాడు. 1927 అక్టోబర్ 22న ఒహాయో స్టేట్‌తో ప్రారంభోత్సవం ఆటకి వచ్చింది 84,401 మంది. 21-0.

కాకినాడ_కాజా
అంటే ఒప్పుకున్నది ఒకటి, కట్టింది ఒకటి. మున్సిపాలిటీ ప్లాను లాగా.

సిమెంటు_శీను
ఇక్కడ పునాది గట్టిది వేశాడు, అదీ తేడా. ఆ చెక్క బల్లల చోట 1949లో స్టీలువి వేస్తే 97,239. 1956లో 101,001. ఇప్పుడు 107,601.

లోపలికి వెళ్ళినవాళ్ళు గమనించండి. రోడ్డు మీంచి చూస్తే అంత పెద్దదని తెలీదు. గేటు దాటి సందులోంచి బయటికి రాగానే మెట్లు పైకి కాదు, కిందికి దిగుతాయి. మైదానం ఎక్కడో గిన్నె అడుగున కనిపిస్తుంది.

పీడీ_గారి_విజిల్
స్టేడియం ఒక్కటే కాదు. ఫుట్‌బాల్ టికెట్ల ఆదాయం మిగతా ఆటలకి మళ్ళించాడు. 1928లో ఇంట్రామ్యూరల్ బిల్డింగ్. అంటే జట్టులో లేని మామూలు విద్యార్థులు ఆడుకోడానికి. అలాంటిది దేశంలో అదే మొదటిది. అదే ఏడు ఆడపిల్లలకి వేరే అథ్లెటిక్ బిల్డింగ్. 1931లో గోల్ఫ్ మైదానం, వేసింది అలిస్టర్ మెకెంజీ. మన పీడీల సంఘం వాళ్ళు ఈ ఒక్క పద్ధతి చదవాలి: జనం చూసే ఆట డబ్బుతో జనం చూడని ఆటలు బతకాలి.

తూనికరాయి
ఆడుకోడానికి అందరికీ అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఆయన కోచ్‌గా ఉన్న 25 సీజన్లలో మిషిగన్‌కి ఒక్క నల్లజాతి ఆటగాడైనా ఆడాడా? లేదు. ఆయనకి ముందు, 1890ల్లో జార్జ్ జ్యూయెట్ ఆడాడు. ఆ తర్వాత 1932లో విల్లిస్ వార్డ్. అప్పటికి కోచ్ హ్యారీ కిప్కి. మధ్యలో నలభై ఏళ్ళ ఖాళీ. ఇది యాదృచ్ఛికం అంటే నమ్మను.

1934 అక్టోబర్ 20, జార్జియా టెక్ ఆట. దక్షిణాది జట్లు నల్లవాళ్ళున్న జట్టుతో ఆడవని డైరెక్టర్‌కి తెలుసు. వార్డ్ జట్టులో ఉన్నాడనీ తెలుసు. తెలిసే ఆట ఒప్పుకున్నాడు. ఏడాది ముందునుంచే దీని మీద ఉత్తరాలు నడిచాయి. చివరికి వార్డ్‌ని పక్కన పెట్టారు. బదులుగా జార్జియా టెక్ తమ ఆటగాడు హూట్ గిబ్సన్‌ని కూర్చోబెట్టింది. విద్యార్థులు గొడవ చేస్తే వాళ్ళలో కలవడానికి యోస్ట్ పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివ్ కంపెనీ ఏజెంటుని పెట్టాడు. ఆట 9-2తో గెలిచారు. ఆ ఏడు ఆడిన 8లో గెలిచింది అదొక్కటే. వార్డ్ స్నేహితుడు జెరాల్డ్ ఫోర్డ్, తర్వాత అమెరికా అధ్యక్షుడైనాయన, జట్టులోంచి తప్పుకుందామా అనుకున్నాడు.

బెజవాడ_బెంచీ
ఆ కాలాన్ని ఈ కాలం కళ్ళతో చూస్తే ఎలా?

తూనికరాయి
ఆ కాలంలోనే విద్యార్థులు వద్దన్నారు కదా. ఏజెంటుని పెట్టింది వాళ్ళ మీదే.

పాత_పేపర్ల_కట్ట
బెంచీ గారూ, ఇక్కడ తూనికరాయి మాటే నిలుస్తుంది. ఆటల పట్టిక మీద సంతకం పెట్టడం డైరెక్టర్ పని. కోచ్ మీద నెట్టడానికి లేదు. నోటర్ డామ్ విషయంలోనూ అంతే. 1909లో వాళ్ళ చేతిలో 3-11తో ఓడారు, 1910 ఆట ఆటగాళ్ళ అర్హత గొడవతో రద్దు. తర్వాత వాళ్ళు కాన్ఫరెన్స్‌లో చేరతామంటే అడ్డం పడ్డవాళ్ళలో యోస్ట్ ముందున్నాడు. గుమ్మాలు కట్టినాయనే తలుపులు కూడా వేశాడు.

నాలుగో_డౌన్
కోచ్ డైరెక్టర్ అయితే వచ్చే ఇంకో జబ్బు ఉంది. కుర్చీ దిగినా విజిల్ వదలడు. 1927, 28ల్లో కోచ్ టాడ్ వీమన్. వెనకాల యోస్ట్ చెయ్యి ఎప్పుడూ ఉండేది. 1928లో 3 గెలిచి 4 ఓడగానే వీమన్ ఔట్. కిప్కి 1929లో వచ్చి 1932, 33 రెండేళ్ళూ ఓడకుండా లాక్కొచ్చాడు, 1937 తర్వాత ఆయనా ఔట్.

మిషిగన్‌లో ఈ రెండు టోపీల ఆచారం అక్కడితో ఆగలేదు. ఫ్రిట్జ్ క్రైస్లర్ 1938లో కోచ్, 1941 నుంచి 1968 దాకా డైరెక్టర్. బో షెంబెక్లర్ 1988లో కోచ్‌గా ఉంటూనే డైరెక్టర్. 1989లో బాస్కెట్‌బాల్ కోచ్ ఇంకో యూనివర్సిటీకి ఒప్పుకున్నాడని తెలియగానే, టోర్నమెంటుకి ముందు ఆయన్ని ఇంటికి పంపి సహాయకుడు స్టీవ్ ఫిషర్‌కి అప్పగించాడు. ఆ జట్టే దేశం టైటిల్ కొట్టింది.

గోల్కొండ_గోలీ
గీ రెండు టోపీల ముచ్చట మనకు కొత్తగాదు. మన రహీం సాబ్ ఎవరనుకుంటున్నరు? 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ, సిటీ పోలీస్ జట్టుకు కోచ్, ఇండియా జట్టుకు కోచ్. సిటీ పోలీస్ 1950 నుంచి 54 దాకా వరుసగ అయిదు రోవర్స్ కప్పులు కొట్టింది. 1951ల, 1962ల ఏషియాడ్ బంగారం. 1963ల పోయేదాకా రెండు పనులూ ఆయనే చేసిండు. గది కాలితో తన్నే ఫుట్‌బాల్ మామా, నువ్వడిగినవ్ గద.

మాచర్ల_మామ
హమ్మయ్య, ఒక్క పోస్టు అర్థమైంది.

నోవై_నరసింహం
చాలా వివరం వచ్చింది. అయితే తూనికరాయి గారూ, ఇన్ని తెలిశాక కూడా ఆ పేరు అలాగే ఎందుకుంచారు?

తూనికరాయి
2021లో యూనివర్సిటీ చరిత్ర సలహా కమిటీ ఆ పేరు తీసేయమనే సిఫారసు చేసింది. కారణం వార్డ్ సంగతే. హాకీ జనం నుంచి, పాత విద్యార్థుల నుంచి పెద్ద ఎత్తున అభ్యంతరాలు. సిఫారసు చేసేది కమిటీ, పేరు మార్చాల్సింది రీజెంట్లు, అంటే యూనివర్సిటీ పాలకమండలి.

సిమెంటు_శీను
పేరు తీసినా ఫుటింగులు తీయలేరుగా.

తూనికరాయి
ఫుటింగుల గురించి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు శీనూ.

కాకినాడ_కాజా
ఒక చిన్న అనుమానం. 101,001, 107,601... ప్రతి లెక్క చివరా ఆ 1 ఏంటి?

సిమెంటు_శీను
అది క్రైస్లర్ సీటు. 1956 నుంచి మొత్తం సీట్ల లెక్కలో ఆయన పేరున ఒకటి అదనంగా కలుపుతున్నారు. ఏ వరసలో ఉందో మాత్రం ఎవరికీ చెప్పరు.

మాచర్ల_మామ
టికెట్ దొరక్కపోతే అందులో కూర్చోవచ్చా?